వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోతుంటే: అపోహలు - వాస్తవాలు

అపోహ: నరం ముడుచుకుపోయింది, పక్షవాతం మొదలైంది.

వాస్తవం: నరానికి ఏమీ కాలేదు. అరచేతి చర్మం కింద ఉండే గట్టి పొర మందమై ముందు చిన్న గడ్డ కడుతుంది, తర్వాత తాడులా బిగిసి వేలిని లాగేస్తుంది. ఎక్కువగా ఉంగరపు వేలు, చిటికెన వేలు. 1831లో పారిస్‌లో ఆపరేషన్ చేసి వివరించిన సర్జన్ డుప్యూట్రెన్ పేరుతోనే దీన్ని పిలుస్తారు. పిడికిలి బాగానే పడుతుంది, స్పర్శ తెలుస్తుంది, వేలు చాచడమే కుదరదు.

అవే రెండు వేళ్లు వంగి, స్పర్శ కూడా తగ్గితే అది వేరే సంగతి. కుష్టు వల్ల నరం దెబ్బతిన్నా అలా అవుతుంది. దానికి మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, దయచేసి ఆలస్యం చేయకండి.

అపోహ: నూనె రాసి గట్టిగా లాగితే సాగుతుంది.

వాస్తవం: సాగదు. నొప్పి, వాపు మిగులుతాయి. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ రోజూ వేలు పట్టుకుని లాగుతుంటారు, ఆ పని మాన్పించండి.

అపోహ: చేతిపని ఎక్కువై వచ్చింది.

వాస్తవం: వంశపారంపర్యమే పెద్ద కారణం. ఉత్తర ఐరోపా మూలాలున్న వారిలో ఎక్కువ. మన దగ్గర షుగర్ ఉన్నవారు అరచేతులు చూసుకుంటూ ఉండాలి. పొగ, మద్యం కూడా ముప్పు పెంచుతాయి.

అపోహ: గడ్డ కనబడగానే కోసేయాలి.

వాస్తవం: అది క్యాన్సర్ కాదు. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. అరచేతిని బల్లమీద బోర్లా పెట్టి చూడండి. చెయ్యి పూర్తిగా ఆనకపోతే హ్యాండ్ సర్జన్‌ని కలవాలి. వేలు అరచేతిని కలిసే మొదటి కణుపు దగ్గర సుమారు 30 డిగ్రీలు వంగేదాకా ఆపరేషన్‌కు ఆగవచ్చు. మధ్య కణుపు వంగడం మొదలైతే మాత్రం ఆగకండి. ఆ కీలు బిగుసుకుపోయాక మంచి ఆపరేషన్ చేసినా వేలు పూర్తిగా తిన్నగా రావడం కష్టం.

అపోహ: ఒకసారి ఆపరేషన్ అయితే మళ్లీ రాదు.

వాస్తవం: రావచ్చు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి సూదిమొనతో తాడును తెంపే పద్ధతి సులువు, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు, కానీ తిరగబెట్టడం ఎక్కువ. కోసి పొరను తీసేస్తే ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే కొందరిలో వేలికి స్పర్శనిచ్చే నరం ఆ తాడు చుట్టూ మెలిక తిరిగి ఉంటుంది. దాన్ని విడదీయడం ఓపికతో చేయాల్సిన పని, అందుకే చేతి ఆపరేషన్లలో అనుభవం ఉన్నవారినే ఎంచుకోండి.

ఆపరేషన్ తర్వాత నొప్పి అని చెయ్యి కదల్చకుండా కూర్చోవద్దు. డాక్టర్ చెప్పిన రోజు నుంచి ఫిజియోథెరపీ చేయకపోతే విప్పిన వేళ్లు మళ్లీ బిగుసుకుంటాయి.