క్యాన్ నిండేదాకా బిందె ఆగాలి

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది: "రౌటర్ పక్కనే కూర్చొని ఆన్‌లైన్ క్లాసు వింటున్నా బొమ్మ ఆగిపోతోంది. పెరట్లో పశువుల కొట్టం దగ్గరున్న వైఫై కెమెరాను ఆపేస్తే వెంటనే బాగవుతోంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అంత చిన్న కెమెరా ఎంత వాడుకుంటుందండీ?"

ఆమె సగం పరీక్ష తానే చేసేశారు. మిగతా సగం కూడా సులభమే. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో రౌటర్‌కు కలిపి చూడాలి. అప్పుడూ నెమ్మదిగానే ఉంటే లోపం బయటి లైనులో ఉన్నట్టు, లేకుంటే ఇంట్లోని గాలిలో, అంటే వైఫైలో ఉన్నట్టు. ఆ కెమెరా వాడే డేటా నిజంగా తక్కువే, అయితే ఆ కొద్ది డేటాకు అది తీసుకునే సమయం చాలా ఎక్కువ.

మా నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడినవారికి ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. ట్యాంకరుకు ఒకే నల్లా ఉంది, ఒక్కో వంతుకు ఒక్కో పాత్ర నింపుకోవాలి. వెడల్పు మూతి బిందె చిటికెలో నిండుతుంది; అంతే నీళ్లు పట్టే సన్నమూతి క్యాన్‌కు నల్లాను తగ్గించి, సన్నని ధారగా పట్టాల్సి వస్తుంది. వంతులు సమానమే కాబట్టి ఎవరూ అన్యాయమనలేరు, కానీ బిందె తెచ్చినవారు కూడా చివరికి క్యాన్ వేగంతోనే ఇంటికి వెళతారు.

వైఫైలో ఆ పాత్ర ప్యాకెట్, అంటే ఒక్కసారికి పంపే డేటా ముక్క; సాధారణంగా 1,500 బైట్లు, అంటే 12,000 బిట్లు. లెక్క తేలిగ్గా ఉండేందుకు 2003 నాటి 802.11జి అనే వైఫై పద్ధతినే తీసుకుందాం. 54 ఎంబీపీఎస్ వేగంతో, అంటే సెకనుకు 5.4 కోట్ల బిట్లు పంపే ల్యాప్‌టాప్‌కు ఒక ప్యాకెట్‌కు 222 మైక్రోసెకన్లు (సెకనులో పది లక్షల వంతులు) చాలు. దూరాన 6 ఎంబీపీఎస్‌కు పడిపోయిన కెమెరాకు 2,000 కావాలి. ఇద్దరి దగ్గరా పంపాల్సింది ఎప్పుడూ సిద్ధంగా ఉండి, వంతుకొకటి చొప్పున పంపుకుంటే, ప్రతి 2,222 మైక్రోసెకన్లకు ఒక్కొక్కరి ప్యాకెట్ ఒకటే వెళుతుంది. అంటే 54 ఎంబీపీఎస్ ల్యాప్‌టాప్‌కు దక్కేది 5.4 మాత్రమే. ప్లాన్‌ను 200కు పెంచితే ట్యాంకరు పెద్దదవుతుంది, అంతేగాని క్యాన్ మూతి వెడల్పవదు.

అయితే ఇక్కడ వరుసను సరిచేసే పెద్దమనిషి లేడు. ప్రతి పరికరం ముందు గాలిని ఆలకించి, నిశ్శబ్దంగా ఉంటే 0 నుంచి 15 లోపు ఒక సంఖ్యను చీటీ తీసినట్టు ఎంచుకుని, 9 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున లెక్కించి, సున్నాకు చేరగానే పంపుతుంది. ఇద్దరూ ఒకేసారి పంపితే రెండు పాత్రలూ ఒలికిపోతాయి; అందినట్టు జవాబు రాకపోవడంతో చీటీల పరిధి 31కి, 63కి, అలా 1,023 దాకా పెరుగుతూ పోతుంది. కెమెరా సిగ్నల్ బలహీనం కాబట్టి దాని ప్యాకెట్లు ఒలకడం ఎక్కువ, మళ్లీ పంపడమూ ఎక్కువే.

మూతి సన్నబడటానికి కారణం దూరమూ, గోడలూ. రౌటర్ దగ్గర మైనస్ 50 డీబీఎం ఉన్న సిగ్నల్ కొట్టం దగ్గర మైనస్ 80కి పడిందంటే (డీబీఎం సిగ్నల్ బలానికి కొలత; పది తగ్గితే శక్తి పదో వంతు), అందే శక్తి వెయ్యో వంతన్నమాట. మన పాత ఇళ్ల రాతి గోడలు చాలా మందం. పైగా కరెంటు వస్తువు అగ్నికి సంబంధించినదని వాస్తు చెప్పి రౌటర్‌ను ఆగ్నేయ మూలలో, ఇనుప బీరువా వెనక పెట్టినవారిని చూశాను. ఇనుము ఏ దిక్కున ఉన్నా రేడియో తరంగాలను తిప్పికొడుతుంది.

ఆమెకు నేను చెప్పింది ఇది: రౌటర్‌లో రెండు బ్యాండ్లు (రేడియో తరంగాల శ్రేణులు) ఉంటే కెమెరాను 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంచి, ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. ఆ రెండూ వేర్వేరు నల్లాలు. ఒకే బ్యాండు ఉంటే కొట్టం దాకా ల్యాన్ తీగ లాగి, అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్‌ను (వైఫై పంచే పెట్టెను) వేరే ఛానెల్‌లో పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 నంబర్ల ఛానెళ్లు ఒకదానిమీద ఒకటి పడవు. దుకాణంలో చవగ్గా అంటగట్టే ఒకే బ్యాండు రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పెట్టె) మాత్రం వద్దు, ఎందుకంటే అది ప్రతి బిందెనూ అదే నల్లా కింద రెండుసార్లు పట్టిస్తుంది.