పందెం వేరు, పని వేరు: గుర్రపు ట్రైనర్ల వెనకటి కథ

2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రపు పందేల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. క్యాసినోలు, లాటరీలు ఉన్న వరుసలోనే రేసులనూ కూర్చోబెట్టారు. పందెం కాసేవాళ్ల సంగతి అలా ఉంచండి. ఈ పెంపుతో అసలు టెన్షన్ పడాల్సింది రేస్ కోర్సు వెనక గుర్రపుసాలల్లో బతికే ట్రైనర్లు, సాయిసులు (గుర్రాలను సాకే పనివాళ్లు). పందెం సొమ్ము పడిపోతే బహుమతి సొమ్ము తగ్గుతుంది. అది తగ్గితే యజమాని నాలుగు గుర్రాల చోట రెండింటితో సరిపెట్టుకుంటాడు. మిగతా రెండింటిని చూసుకునేవాళ్లకు పని ఉండదు.

ట్రైనర్ పనితనం పందెం రోజున కనిపించదు. తెల్లవారుజామున చూడాలి. ముందు తొట్టిలోకి తొంగిచూస్తాడు. రాత్రి వేసిన దాణా మిగిలిందంటే ఏదో తేడా ఉన్నట్టే. తర్వాత గుర్రం పక్కన వంగి, ముంగాలి మోకాలి కింద నుంచి గిట్ట దాకా వెనకవైపు స్నాయువు (కండను ఎముకకు కలిపే గట్టి పట్టీ) వెంబడి అరచేత్తో నెమ్మదిగా తడుముతాడు. రెండు కాళ్లూ ఒకే వెచ్చదనంతో ఉండాలి. ఒకటి కాస్త వేడిగా తగిలితే ఆ రోజు దౌడు బంద్. నాలుగైదు వందల కిలోల జంతువు దౌడు తీస్తుంటే, ప్రతి అంగలోనూ ఒక్క క్షణం ఆ బరువంతా ఒంటి ముంగాలి మీదే పడుతుంది. చేతికి తగిలిన ఆ కాస్త వేడిని పట్టించుకోకుండా పరిగెత్తిస్తే ఆ స్నాయువు దెబ్బతింటుంది. అంతటితో ఆ గుర్రం పరుగు ముగిసిపోవచ్చు.

ఈ నేర్పు మన దక్షిణాదికి అంత తేలిగ్గా దక్కలేదు. 13వ శతాబ్దం చివర వెనిస్ యాత్రికుడు మార్కో పోలో పాండ్యుల తీరానికి (నేటి తమిళనాడు) వచ్చాడు. అక్కడ ఏలుతున్న అన్నదమ్ములైన రాజులు ఒక్కొక్కరు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగలవనీ రాశాడు. కారణం కూడా ఆయనే చెప్పాడు. గుర్రాన్ని ఎలా చూసుకోవాలో తెలిసిన మనిషి అక్కడ లేడు. ఉడికించిన అన్నంలో మాంసం కలిపి పెట్టేవారట. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు, పడనిది తింటే కడుపు శూలతో మెలికలు తిరిగిపోతుంది. హోర్ముజ్, ఏడెన్ రేవుల వర్తకులు గుర్రాలను ఓడల్లో తెచ్చేవారు కానీ, లాడాలు కొట్టి వైద్యం చేసే మనిషిని మాత్రం వెంట తెచ్చేవారు కాదు, ఎవరైనా వస్తామన్నా రానిచ్చేవారు కాదు. గుర్రాలు ఎంత చస్తే వాళ్లకు అంత బేరం. ఎన్నిసార్లు చదివినా ఈ మాట దగ్గర నాకు మనసు కలుక్కుమంటుంది. బంగారం పోసి గుర్రాన్ని కొనగలిగారు, దాన్ని బతికించే విద్య మాత్రం వాళ్లకు అందకుండా పోయింది.

విజయనగరం నాటికి పరిస్థితి మారింది. గుర్రాల మీద మోజు మాత్రం తగ్గలేదు. సాళువ నరసింహరాయలు సముద్రంలో చచ్చిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే చాలు, పూర్తి ధర చెల్లించేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అదే నూనిజ్ అచ్యుతరాయల కొలువు లెక్క చెబుతూ గుర్రాలను చూసుకునేవాళ్లు 1,600 మంది, శిక్షణ ఇచ్చేవాళ్లు 300 మంది ఉన్నారన్నాడు. ఇద్దరు పరదేశీయులు చూసిన ఈ రెండు కాలాల మధ్య రెండు శతాబ్దాలకు పైగా గడిచాయి. గుర్రానికి తర్ఫీదు ఇవ్వడం ఈలోగా ఇక్కడ జీతమిచ్చి పోషించే వృత్తి అయింది. తెలుగునేల మీద మాత్రం కాకతీయుల నాటికే ఏనుగుల, గుర్రాల దళాల అధికారిని సాహిణి అనేవారు. గణపతిదేవుడి గజసాహిణి, నృత్తరత్నావళి రాసిన జాయప మనకు తెలిసినవాడే.

యుద్ధాల్లో గుర్రాల అవసరం తగ్గాక ఈ విద్యకు రేసులు ఆసరా అయ్యాయి. హైదరాబాద్‌లో మౌలాలిలో మొదలైన పందేలు 1886లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, మలక్‌పేటకు మారాయి. నేటికీ అక్కడే జరుగుతున్నాయి.

రేసులు జూదమా కాదా అన్న పేచీ మాత్రం తమిళనాడులో ముదిరింది. 1974లో ఆ రాష్ట్రం గుర్రపు పందేలను నిషేధిస్తూ చట్టం చేసింది. మద్రాస్ రేస్ క్లబ్ కోర్టుకెక్కింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1996లో తేలింది. గుర్రపు పందెం అదృష్టపు ఆట కాదు, నైపుణ్యపు ఆట అంది కోర్టు. గుర్రం వేగం, దమ్ము శిక్షణతో వచ్చినవనీ, గెలుపోటములను ప్రధానంగా అవే తేలుస్తాయనీ చెప్పింది. ఆ తీర్పులో ట్రైనర్ పనికి దక్కిన చోటు అది.

జీఎస్టీ వచ్చాక లెక్క మళ్లీ పందెం సొమ్ము చుట్టూనే తిరుగుతోంది. పందేల వల్ల కొంపలు గుల్లయిన కుటుంబాలు ఉన్నాయి, ఆ బాధ నిజం. దాన్ని అరికట్టాలని ప్రభుత్వం అనుకోవడంలో తప్పు లేదు. కానీ పందెం కాసే చెయ్యి వేరు, ముంగాలిని తడిమే చెయ్యి వేరు. మన లెక్కల్లో రెండో చెయ్యి కనిపించడం లేదు. 2020లో కరోనా వల్ల రేసులు ఆగిపోయాయి. పందెం ఆగినా గుర్రానికి మేత ఆపలేం, తెల్లవారి నడిపించడమూ ఆపలేం. ఆ పని చేసే సాయిసుకు నెల జీతం ఎక్కడి నుంచి రావాలి? పన్ను గురించి ఈసారి మాట్లాడుకునేటప్పుడు ఈ ప్రశ్న కూడా బల్ల మీద ఉండాలి. ట్రైనర్లనూ సాయిసులనూ పిలిచి కూర్చోబెట్టి అడగాలి.