మార్ఫిన్ మాత్ర ఆఖరి మాత్ర కాదు

నరసన్నపేట దగ్గర ఒక ఊళ్లో ఒక పెద్దమ్మని చూడడానికి వెళ్లాను. ఏళ్ల తరబడి అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగి అంగిట్లో క్యాన్సర్. నొప్పితో మొహం మీద చెయ్యి వేయనివ్వడం లేదు. నొప్పి తగ్గడానికి మేమిచ్చిన మార్ఫిన్ మాత్రలు కోడలు బియ్యం డబ్బాలో దాచేసింది. "మత్తు మందట సిస్టరమ్మా, ఏస్తే పేణం పోద్దని పక్కింటోలు సెప్పినారు" అని ఏడ్చింది. ఆమెను ఏమనగలను? అత్త మీద ప్రేమతోనే దాచింది. తెలియకుండా చెప్పేవాళ్ల మీదే నా కోపమంతా.

మార్ఫిన్ రాశారంటే రోజులు దగ్గరపడ్డాయని కాదు. మందు రాసేది నొప్పిని బట్టి, మిగిలిన రోజుల్ని బట్టి కాదు. తక్కువ డోసుతో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచుతారు. అలా వాడితే ప్రాణం తీయదు. నెలల తరబడి వాడుతూ తమ పనులు తాము చేసుకునేవాళ్లు ఉన్నారు. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి గడియారం చూసి వేయాలి. "నొప్పొచ్చాక వేద్దాంలే" అని ఆగితే నొప్పి ముదిరిపోతుంది, అప్పుడు తగ్గించడం కష్టం. మొదటి రోజుల మగత, వికారం సర్దుకుంటాయి. సర్దుకోనిది మలబద్ధకం, అందుకే విరేచనం మందు కూడా రాస్తారు, అది మానొద్దు. వ్యసనమవుతుందన్న భయమా? క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పినట్టు వాడేవాళ్లలో అది అరుదు. మీ అంతట మీరు ఒక్కసారిగా మాత్రం ఆపకండి.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఈ మందు దొరకడమే గగనంగా ఉండేది. 2014లో సవరించాక నిబంధనలు సులువయ్యాయి. దొరికిన మందుని దాచుకుంటే ఎలాగమ్మా!

మా ఉద్దానంలో లాగా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది. కిడ్నీ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి, చర్మం మీద అంటించే ఫెంటానిల్ ప్యాచ్ లాంటి వేరే దారులున్నాయి. పాలియేటివ్ కేర్ (జబ్బు వల్ల కలిగే నొప్పీ బాధా తగ్గించే వైద్యం) క్యాన్సర్‌కే అనుకోవడమూ తప్పే, డయాలిసిస్ వాళ్లకీ ఉంది.

ఇక సెలైన్. చివరి రోజుల్లో ఆకలి మందగించేది జబ్బు వల్ల, మీరు పెట్టక కాదు. అప్పుడు సెలైన్ ఎక్కిస్తే ఒళ్లు ఉబ్బొచ్చు, గొంతులో గురగుర పెరగొచ్చు. తడిగుడ్డతో పెదాలు తడపండి, చాలు.

ఆ రోజు నేనే మాత్ర నలిపి నీళ్లలో కలిపి చెంచాతో పట్టాను, కోడలికి టైము రాసిచ్చాను. రెండు రోజులకి ఫోన్ చేసింది. పెద్దమ్మ రాత్రి నిద్రపోయిందట. పొద్దున్నే లేచి, తలకి నూనె రాసి జడ వేయమని అడిగిందట.