ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్స: అపోహలు - వాస్తవాలు

అపోహ: క్యాన్సర్ అని తేలాక ఒక్కరోజు కూడా ఆగకూడదు, వెంటనే ప్రొస్టేట్ తీయించేసుకోవాలి.

యూరాలజిస్టుగా నేను ఎక్కువగా వినే మాట ఇదే. భయం సహజమే. కానీ ప్రొస్టేట్ గ్రంథి (మగవారిలో మూత్రాశయం కింద ఉండేది) దాటని, గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె) 6 ఉన్న క్యాన్సర్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అలాంటివారిలో చాలామందికి మేం ముందుగా చెప్పేది యాక్టివ్ సర్వైలెన్స్. అంటే వదిలేయడం కాదు. పీఎస్‌ఏ అనే రక్త పరీక్ష, ఎంఆర్ఐ స్కాన్, అవసరాన్ని బట్టి మళ్లీ బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తూ, మార్పు కనిపిస్తే అప్పుడు చికిత్స మొదలుపెడతాం.

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో 1,643 మందిని పర్యవేక్షణ, ఆపరేషన్, రేడియేషన్ అని మూడు గుంపులు చేశారు. 2023లో వచ్చిన 15 ఏళ్ల ఫలితాల్లో ఏ గుంపు చూసినా ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి సుమారు ముగ్గురే. అయితే క్యాన్సర్ వేరే భాగాలకు పాకడం పర్యవేక్షణ గుంపులో నూటికి 9 మందిలో, మిగతా రెండు గుంపుల్లో 5 మందిలో కనిపించింది. పర్యవేక్షణలో ఉన్నవారిలో సగానికి పైగా తర్వాత ఎప్పుడో ఒకప్పుడు చికిత్స తీసుకున్నారు కూడా. ఈ రెండు సంగతులూ పేషెంటుకు చెప్పాల్సిందే. గ్లీసన్ 8, 9, 10 ఉన్నవారికి మాత్రం ఈ లెక్కలు వర్తించవు. వాళ్లకు చికిత్స కావాలి.

అపోహ: ఆపరేషన్ వల్లే ఇబ్బందులు, రేడియేషన్‌తో ఏమీ రాదు.

రెండింటితోనూ వస్తాయి, వచ్చే సమయం వేరు. ఆపరేషన్ తర్వాత మూత్రం లీకవడం మొదటి రోజుల నుంచే ఉంటుంది. కెగెల్ వ్యాయామాలు (మూత్రాన్ని ఆపే కండరాలను బిగించి వదలడం) చేస్తూ ఉంటే చాలామందికి ఏడాదిలోపు బాగా తగ్గుతుంది, కొందరికి ప్యాడ్ అవసరం మిగిలిపోతుంది. అంగస్తంభన కోలుకోవడానికి రెండేళ్లు కూడా పట్టొచ్చు, అందరికీ పూర్తిగా కోలుకోదు. రేడియేషన్‌తో లీకేజీ తక్కువ. కానీ మాటిమాటికీ మూత్రం రావడం, విరేచనం ఆపుకోలేకపోవడం, మలంలో రక్తం లాంటివి రావొచ్చు. స్తంభన కొన్నేళ్లలో మెల్లగా తగ్గుతుంది. ఇప్పటికే పేగుల సమస్య ఉన్నవారు, మూత్రం ధార సన్నగా వచ్చేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. నిర్ణయం దానివల్లే మారిపోవచ్చు.

అపోహ: రోబో సర్జరీ అయితే సైడ్ ఎఫెక్టులుండవు.

రక్తం తక్కువ పోతుంది, ఇంటికి త్వరగా వెళ్తారు. మూత్రం మీద పట్టు, లైంగిక సామర్థ్యం మాత్రం ఎక్కువగా సర్జన్ అనుభవం మీద, స్తంభనకు సంబంధించిన నరాలను కాపాడడం వీలవుతుందా లేదా అన్నదాని మీద ఆధారపడతాయి.

అపోహ: ఈ వయసులో దాంపత్యం సంగతి డాక్టర్‌ని అడగడం బాగోదు.

దయచేసి అడగండి. ఇద్దరూ కలిసి వచ్చి అడిగితే మరీ మంచిది. గది బయటికి వెళ్లాక భార్య ఒక్కరే వెనక్కి వచ్చి, "అసలు విషయం ఆయన అడగలేకపోయారు డాక్టర్ గారూ" అన్న సందర్భాలు నాకు కొత్త కాదు. ఆపరేషన్ తర్వాత వీర్యం రాదు, అయినా భావప్రాప్తి చాలామందికి ఉంటుంది. స్తంభన కోసం మాత్రలు, పంపు, ఇంజెక్షన్లు ఉన్నాయి. మీకు ఇది ముఖ్యమని తెలిస్తేనే మేం చికిత్సను అందుకు తగ్గట్టు ఆలోచించగలం. ముఖ్యం కాదన్నా ఫర్వాలేదు. ఆ మాట మీ నోటి నుంచి రావాలి, వయసు చూసి మేం ఊహించుకోకూడదు.

అపోహ: హార్మోన్ చికిత్స అంటే ఉత్త ఇంజెక్షనే కదా.

ఆ ఇంజెక్షన్ పని టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ను తగ్గించడం. అది పడిపోతే వేడి ఆవిర్లు, నీరసం, కోరిక తగ్గడం, కండ కరగడం, ఎముకలు పలచబడడం అన్నీ రావొచ్చు. మనసు కుంగిపోవడం కూడా దీనివల్లేనని ఇంట్లోవాళ్లు తెలుసుకుంటే, ఆయన మీద విసుక్కోరు. షుగర్, గుండె జబ్బు ఉంటే మొదటి ఇంజెక్షన్‌కు ముందే చెప్పండి. ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడు చేయించాలో అడగండి. శక్తి మేరకు బరువులతో చేసే వ్యాయామం చికిత్స మొదలైన రోజు నుంచే ఉండాలి.