మరచిపోయిన చదువు ఎక్కడికి పోతుంది?

ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు ఇంట పుట్టి, బడిలో ఒడియాలో చదువుకుని, నలభై ఆరో ఏట దూరవిద్యలో చరిత్ర ఎం.ఏ.కు చేరిన నాకు మొదటి నెలంతా ఒకటే దిగులు. పాతికేళ్ల కిందటి చదువంతా తుడిచిపెట్టుకుపోయిందని, మళ్ళీ ఓనమాల నుంచి దిద్దుకోవాలని అనిపించేది. శాసనాల పాఠం కోసం సంస్కృతం తిరగేస్తూ చిన్నప్పుడు వల్లించిన రామశబ్దం ('రామ' పదానికి విభక్తి రూపాల వరుస) చెప్పబోతే తృతీయా విభక్తి దగ్గరే ఆగిపోయాను. కానీ రెండు సాయంత్రాలు కూర్చునేసరికి శబ్దం మొత్తం వచ్చేసింది. చిన్ననాడు దానికి వారాలు పట్టింది.

ఈ తేడాను మొదట కొలిచినవాడు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్. అర్థంలేని అక్షర కూటములను తానే కంఠస్థం చేసి, కొంత వ్యవధి తరవాత వాటినే మళ్ళీ నేర్చుకుంటూ, రెండోసారి ఎంత సమయం ఆదా అయిందో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. నోటికి రానంత మాత్రాన విషయం పోయినట్టు కాదు. దాని ఆనవాలు ఆ ఆదాలో కనిపిస్తుంది. ఆ తరవాత 1984లో హ్యారీ బారిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, చదువుకునే రోజుల్లో స్పానిష్ నేర్చుకున్న ఏడు వందల మందికి పైగా పరీక్షించాడు. వారిలో కొందరు ఆ భాష చదివి దాదాపు యాభై ఏళ్లయింది. మొదటి మూడు నుంచి ఆరేళ్లలో మరపు వేగంగా సాగి, ఆపైన దాదాపు ముప్పై ఏళ్లపాటు మిగిలినది మిగిలినట్టే ఉందని తేలింది. మొదట ఎంత గట్టిగా నేర్చుకున్నారన్న దాన్నిబట్టే ఎంత మిగిలిందన్నదీ ఉంది. నడివయసులో చదువుకు తిరిగివచ్చేవారికి ఇంతకన్నా ధైర్యమిచ్చే ఫలితం నాకు కనిపించలేదు.

వయసు ప్రభావం లేదని కాదు. కొత్త చిక్కును అప్పటికప్పుడు విప్పే వేగం యౌవనం దాటాక క్రమంగా తగ్గుతుంది. పదసంపద, లోకజ్ఞానం మాత్రం నడివయసులోనూ పెరుగుతూ ఉంటాయి. మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ కాటెల్ ఈ రెండింటినీ వేర్వేరు మేధాశక్తులుగా విడదీసి చూపాడు. అందుకే నలుగురూ "అన్నింట్లోనూ వేలు పెడతావు" అని తప్పుపట్టే అభిరుచులు ఈ వయసులో అక్కరకు వస్తాయి. వ్యాకరణం, ఊళ్ల పేర్లు, గుడుల శిల్పం ఇదివరకే కొంత తెలిసినవాడికి కొత్త శాసనం తగులుకోవడానికి కొక్కేలు ముందే సిద్ధంగా ఉంటాయి.

మా ఊళ్లో ఇందుకు గొప్ప సాక్ష్యం గిడుగు వెంకట రామమూర్తి. 1880లో పదిహేడేళ్ల వయసులో ఇక్కడ ఉపాధ్యాయుడిగా చేరి, శ్రీముఖలింగం శాసనాలు చదవడం స్వయంగా నేర్చుకున్నారు. తెలుగు వచ్చిన సవర తెగవాణ్ని ఇంట ఉంచుకుని సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడేనాటికి ఆయన వయసు అరవై ఏడు దాటింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. శాసనాలు, సవర, వ్యావహారిక భాష అనే మూడు దారులూ ఆయనలో ఒకదానికొకటి తోడయ్యాయని నా నమ్మకం.

ఇక పద్ధతి. నేను ఒకే పేజీని నాలుగుసార్లు చదివేవాణ్ని. చదివినప్పుడల్లా తెలిసినట్టే ఉండేది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, అయిదు నిమిషాల తరవాత పెట్టిన పరీక్షలో మళ్ళీ మళ్ళీ చదివినవారే ముందున్నారు. వారం తరవాత మాత్రం, చదివింది చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవారు వారిని మించిపోయారు. గుర్తుతెచ్చుకునే ప్రయాసే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. రాసే అలవాటున్నవారికి ఇది వరం లాంటిది.

ఇప్పుడు రాత్రి పుస్తకం మూసి, ఇంగ్లీషులోనో ఒడియాలోనో చదివినదాన్ని తెలుగులో ఒక పేజీ రాస్తున్నాను. ఊళ్ల పేర్లు, దాతల పేర్లు నిలుస్తున్నాయి. శకవర్షాలు మాత్రం మూడో రోజుకే జారిపోతున్నాయి గనుక వాటిని వారానికొకసారి, ఆపైన నెలకొకసారి చూడకుండా మళ్ళీ రాసుకుంటున్నాను.