గడ్డం సబ్బులో చల్లదనం ఎక్కడిది?

మెంథాల్ (పుదీనా సారం) కలిపిన షేవింగ్ సబ్బు నురగ చెంపకు తగలగానే జివ్వుమంటుంది. అంత మాత్రాన మెంథాల్ చర్మాన్ని చల్లబరచిందని కాదు. మన నాడుల కొసల్లో చలిని పసిగట్టే టీఆర్‌పీఎం8 అనే గ్రాహక ప్రొటీన్ ఉంటుంది. చర్మం సుమారు 26 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే అది తెరుచుకుని మెదడుకు చలి కబురు పంపుతుంది. మెంథాల్ అంటుకున్నప్పుడు మాత్రం అంతకంటే వెచ్చగా ఉండగానే తెరుచుకుంటుంది. 2002లో రెండు బృందాలు దీన్ని విడివిడిగా గుర్తించాయి. ఆ బృందాల్లోని డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు ఉష్ణం, స్పర్శ గ్రాహకాల మీద చేసిన కృషికి 2021లో నోబెల్ బహుమతి దక్కింది.

అందుకే వేడినీళ్లతో ముఖం కడిగి నురగ పూసినప్పుడు చల్లదనం మందకొడిగా ఉంటుంది. చివర్లో చన్నీళ్లు చల్లుకోగానే ఒక్కసారిగా ఎగదన్నుతుంది. నురగ దశలోనే "సరిపోలేదు" అనుకుని మెంథాల్ పలుకులు కలుపుకునేవాళ్లు అక్కడే దెబ్బతింటారు. మోతాదు మించితే చల్లదనం పోయి మంట మిగులుతుంది. కళ్ల కింద ఈ నురగ పూయకూడదు. కంటిపొర మీదా ఇవే గ్రాహకాలున్నాయి, ఆవిరి తగిలినా నీళ్లు కారతాయి.

చల్లగా ఉండాలంటే పుదీనా వాసన రావాల్సిందేనా? అక్కర్లేదు. రేజర్లు చేసే విల్కిన్సన్ స్వోర్డ్ సంస్థ పరిశోధకులు 1970లలో డబ్ల్యూఎస్-3, డబ్ల్యూఎస్-23 వంటి చలువ పదార్థాలు తయారుచేశారు. వీటికి వాసన దాదాపు ఉండదు. కాబట్టి అడవి, సముద్రం, పాతకాలపు మంగలి దుకాణం వంటి ఇతివృత్తాలతో చేసే సబ్బుల్లోనూ చలువ కలపొచ్చు. మంగలి దుకాణం వాసనకు మూలం లావెండర్, ఎండుగడ్డి వాసనుండే కూమరిన్, చెట్ల మీద నాచులా పెరిగే ఓక్‌మాస్‌ల కలయిక. నిమ్మజాతి వాసనలు తేలికైన అణువులు కనుక నురగ కలుపుతుండగానే చాలావరకు ఎగిరిపోతాయి. దేవదారు, వెనిలిన్ (వెనీలా వాసననిచ్చే పదార్థం) లాంటివి కడిగాక కూడా కాసేపు నిలుస్తాయి. వెనిలిన్ ఉన్న సబ్బు రోజులు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. అది పాడైనట్టు కాదు.

వాసన ఎంత బాగున్నా గడ్డాన్ని మెత్తబరిచేది నీళ్లే. రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీళ్లతో తడిపితే వెంట్రుక ఉబ్బి తేలిగ్గా తెగుతుంది. సహజ కేశాల బ్రష్‌ను కూడా అంతసేపు నానబెట్టాలి. సింథటిక్‌ది తడిపితే చాలు. నీళ్లు విదిల్చి, సబ్బు మీద 20 నుంచి 30 సెకన్లు తిప్పండి. ఆ తర్వాత ముఖం మీద గుండ్రంగా రుద్దుతూ నాలుగైదు చుక్కల చొప్పున నీళ్లు చేర్చండి. బుడగలు కంటికి కనపడకుండా పోయి, పైన తడి మెరుపు రావాలి. తెల్లగా, పొడిపొడిగా దిట్టంగా ఉన్న నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ బ్లేడు జారదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. ఎంత కలిపినా నురగ నిలవకపోతే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నాయన్నమాట. అవి సబ్బుతో కలిసి కరగని తెట్టు కడతాయి. ఇంకాస్త సబ్బు ఎక్కించండి, లేదా డిస్టిల్డ్ వాటర్ వాడండి.

సేఫ్టీ రేజర్‌ను సుమారు 30 డిగ్రీల కోణంలో పట్టి, దాని బరువుకే వదిలేయాలి. మొదటి విడత వెంట్రుక వాలు వెంట, మళ్లీ నురగ పూశాక రెండోది అడ్డంగా. ఎదురు గీత అందరి చర్మానికీ పడదు.

చలువ సబ్బుతో ఉన్న అసలు చిక్కు, అది ఒరిపిడిని దాచేస్తుంది. గీసేటప్పుడు హాయిగానే ఉంటుంది, ప్రభావం దిగాక మెడ ఎర్రబడుతుంది. అందుకే కొత్త బ్లేడు, కొత్త కోణం ప్రయత్నించే రోజున మామూలు సబ్బు వాడటం మేలు. కడుక్కున్నాక తడిపిన పటిక రాయి రుద్దితే ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఒత్తిడి ఎక్కువైందని తెలుస్తుంది. అలాంటి చోట ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్‌షేవ్ వద్దు. వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. ఆల్కహాల్ ఆ హద్దును 34 డిగ్రీల దాకా దించేస్తుంది, దాంతో ఒంటి వేడికే మంట పుడుతుంది. గీసుకుపోయిన చర్మానికి వాసన లేని, ఆల్కహాల్ లేని బామ్ చాలు.