తైవాన్‌లో ప్రొఫెసర్లు, దౌత్యం: అపోహలు - వాస్తవాలు

నేను చెప్పే సబ్జెక్టు అంతర్జాతీయ సంబంధాలు, అందులోనూ తూర్పు ఆసియా. తైవాన్ పాఠం మొదలుపెట్టగానే ఏ బ్యాచ్ అయినా అవే ప్రశ్నలు, సివిల్స్‌కి చదివే పిల్లల నోట్సుల్లోనూ అవే తప్పులు. జోసెఫ్ వూ అనే ఒక్క మనిషి కెరీర్ వరసగా చూస్తే వీటిలో చాలావరకు తేలిపోతాయి. ఆయన 2018 ఫిబ్రవరి నుంచి 2024 మే దాకా తైవాన్ విదేశాంగ మంత్రి, ఆ వెంటనే జాతీయ భద్రతా మండలి సెక్రటరీ జనరల్ అయ్యారు. అసలు వృత్తి మాత్రం పొలిటికల్ సైన్స్.

అపోహ: పాఠాలు చెప్పుకునే ఆయనకి దౌత్యం ఏం తెలుసు, ఎవరో సిఫార్సు చేసి ఉంటారు.

వాస్తవం: సిఫార్సు సంగతి అలా ఉంచండి, ముందు చరిత్ర చూడాలి. తైవాన్‌లో 1949 నుంచి 1987 దాకా మార్షల్ లా. పాలించింది కొమింతాంగ్ అనే పార్టీ ఒక్కటే, విదేశాంగ శాఖలో పైకొచ్చిన వాళ్ళూ ఆ నీడలో పెరిగిన వాళ్ళే. 1986లో పుట్టిన డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ, అదే డీపీపీ, 2000లో చెన్ షుయ్-బియాన్‌ని అధ్యక్షుడిగా గెలిపించుకునేసరికి దాని దగ్గర లాయర్లున్నారు, ఉద్యమాల్లో జైలుకెళ్ళొచ్చిన వాళ్ళున్నారు, కానీ సొంత రాయబారులు ఎక్కడి నుంచి వస్తారు? అందుకే యూనివర్సిటీల తలుపు తట్టింది. ఆ ప్రభుత్వంలో తొలి విదేశాంగ మంత్రి టియెన్ హుంగ్-మావ్ అమెరికాలోని విస్కాన్సిన్‌లో ప్రొఫెసర్. చైనా వ్యవహారాలు చూసిన త్సాయ్ ఇంగ్-వెన్ లా ప్రొఫెసర్, తర్వాత ఆవిడే దేశాధ్యక్షురాలు. వూ 1989లో ఒహాయో స్టేట్‌లో పీహెచ్‌డీ చేసి, తైపేలోని నేషనల్ చెంగ్‌చీ యూనివర్సిటీ వారి అంతర్జాతీయ సంబంధాల సంస్థలో డిప్యూటీ డైరెక్టర్ దాకా ఎదిగి, 2002లో అధ్యక్ష కార్యాలయానికి వచ్చారు. ఆ సంస్థ మామూలు డిపార్ట్‌మెంట్ కాదు, చైనా మీద అధ్యయనానికి పేరున్న థింక్ ట్యాంక్. పైగా ఆయన పరిశోధన తైవాన్ ప్రజాస్వామ్యంలోకి ఎలా మారిందన్న దాని మీద. మంత్రిగా ఆరేళ్ళు ప్రపంచానికి వినిపించిన వాదన కూడా ఇంచుమించు అదే.

అపోహ: చైనాతో వ్యవహారం అంతా విదేశాంగ మంత్రి చేతిలో ఉంటుంది.

వాస్తవం: ఇది పరీక్షలో మార్కులు పోగొట్టే తప్పు. తైవాన్ రాజ్యాంగం లెక్కన చైనా పూర్తి స్థాయి విదేశం కాదు, దానికి విడిగా మెయిన్‌లాండ్ అఫైర్స్ కౌన్సిల్ ఉంది. 2004లో త్సాయ్ దిగిపోయాక ఆ కుర్చీలో కూర్చుంది వూనే, 2007 దాకా. అక్కడ పని ఎలా నడుస్తుందో ఒక ముచ్చట చెప్తాను. 2005 చాంద్రమాన కొత్త సంవత్సరానికి, చైనాలో వ్యాపారాలు చేసుకుంటున్న తైవాన్ వాళ్ళని ఇళ్ళకి చేర్చాలి. రెండు ప్రభుత్వాలూ ఒకదాన్నొకటి గుర్తించవు, కాబట్టి అధికారికంగా మాట్లాడుకోకూడదు. దాంతో జనవరిలో మకావ్‌లో రెండు వైపుల విమానయాన సంఘాల వాళ్ళు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. జనవరి 29న విమానాలు ఎగిరాయి, హాంకాంగ్ గగనతలం మీదుగా చుట్టు తిరిగి, అక్కడ దిగకుండా. వెనక ఎవరున్నారో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎవరూ లేరు! ఆ సంతోషం రెండు నెలలైనా నిలవలేదు, మార్చి 14న చైనా, తైవాన్ విడిపోతే బలప్రయోగానికి వీలిచ్చే విభజన వ్యతిరేక చట్టం చేసింది.

అపోహ: రాయబారి అన్న హోదా లేకపోతే అది ఉత్తుత్తి ఉద్యోగం.

వాస్తవం: 1979 జనవరి 1 నుంచి అమెరికా తైవాన్‌ని అధికారికంగా గుర్తించడం లేదు. వాషింగ్టన్‌లో ఉన్నది ‘ఆర్థిక, సాంస్కృతిక ప్రతినిధి కార్యాలయం’. ట్విన్ ఓక్స్ అనే పాత రాయబారి బంగళా ఇంకా వాళ్ళదే, విందులకి వాడుకుంటారు. 2015 కొత్త సంవత్సరం రోజున అక్కడ జెండా ఎగరేస్తే చైనా సరే, అమెరికా కూడా అభ్యంతరం చెప్పింది. ఇలాంటి చోటికి 2007లో వూ ప్రతినిధిగా వెళ్ళారు, డీపీపీ నుంచి మొదటివాడు. సరిగ్గా అప్పుడే చెన్ ‘తైవాన్’ పేరుతో ఐక్యరాజ్యసమితిలో చేరడంపై రెఫరెండం, అంటే ప్రజాభిప్రాయ సేకరణ, పెట్టారు. అది రెచ్చగొట్టే పని అని అమెరికా బహిరంగంగానే అంది. ఇంట్లో బాస్ పట్టు వీడడు, ఇక్కడ ఆతిథ్యమిచ్చిన వాళ్ళు కోపంగా ఉన్నారు, మధ్యలో ఈయన. ఆ టెన్షన్ మామూలు రాయబారికి ఉండదు.

బోర్డు మీద ఎంబసీ అని లేకపోయినా వీసా పని ఆగదు. చెన్నైలో 2012లో తెరిచిన తైవాన్ ఆఫీసు పేరులోనూ ‘ఎంబసీ’ కనపడదు. మన శ్రీసిటీ, కొంగరకలాన్‌లలో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ ఉంది కదా, వ్యాపారానికి ఆ మాట అడ్డు రాలేదు.

అపోహ: వూ హయాంలో మిత్రదేశాలు పోయాయి, కాబట్టి ఫెయిల్.

వాస్తవం: పోయిన మాట నిజమే. ఆయన వచ్చినప్పుడు 20 దేశాలు గుర్తించేవి, వెళ్ళేటప్పటికి 12. 2018 మే ఒక్క నెలలోనే డొమినికన్ రిపబ్లిక్, బుర్కినా ఫాసో పోతే రాజీనామా ఇస్తానన్నారు, త్సాయ్ ఒప్పుకోలేదు. కానీ ఆ లెక్క ఒక్కటే చూసేవాళ్ళు 2021 చూడటం లేదు. అక్టోబర్‌లో వూ స్లొవేకియా, చెక్ రిపబ్లిక్‌లకి వెళ్ళారు. నవంబర్‌లో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ఆఫీసు తెరిచారు, చైనాకి కోపం రాకుండా మిగతా చోట్ల మామూలుగా వాడే ‘తైపే’ కాదు, ‘తైవాన్’ అనే పేరుతోనే. అదే నెలలో చైనా ఆయన్ని ‘మొండి వేర్పాటువాదుల’ జాబితాలో పెట్టింది. నా దృష్టిలో ఒక చిన్న దేశం గుర్తింపు కంటే ఆ విల్నియస్ బోర్డు విలువైనది. దీనికి ఒప్పుకోని సహోద్యోగులు నాకున్నారు, వాళ్ళ వాదన కూడా తీసిపారేసేది కాదు: గుర్తించే దేశాలు ఉంటేనే ఐక్యరాజ్యసమితిలో తైవాన్ తరఫున ఎవరో ఒకరు లేచి మాట్లాడతారు.

అపోహ: ప్రొఫెసర్లని దౌత్యంలోకి తేవడం డీపీపీ ఒక్కదాని అలవాటు.

వాస్తవం: కాదు. కొమింతాంగ్ మనిషి జేసన్ హూ ఆక్స్‌ఫర్డ్ డాక్టరేట్, కావ్‌షుంగ్‌లో పాఠాలు చెప్పారు, వాషింగ్టన్‌లో ప్రతినిధి, 1997 నుంచి విదేశాంగ మంత్రి, తర్వాత తైచుంగ్ మేయర్. 2014లో ఆయన్ని ఆ మేయర్ పదవి నుంచి ఓడించిన డీపీపీ అభ్యర్థి లిన్ చియా-లుంగ్ కూడా యేల్‌లో పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో చెప్పినవాడే. 2024 మేలో వూ ఖాళీ చేసిన విదేశాంగ మంత్రి కుర్చీలోకి వచ్చింది ఆ లిన్.